ఆగడం నేర్పే చేతులు

అంగన్‌వాడీలు ఎలా నడుస్తున్నాయో చూసి రాయమని మా సంపాదకులు నన్ను నిజామాబాద్ జిల్లాలోని ముప్కాల్ పంపారు. టీచరమ్మ రిజిస్టర్లు బల్ల మీద పేర్చి, బరువు తూచే మిషను పక్కన పెట్టి సిద్ధంగా ఉంది. వాటిని తెరిచేలోపే నాలుగేళ్ల పిల్లాడొకడు పక్కనున్న పాప చేతిలోంచి బొమ్మల పుస్తకం గుంజుకుని, వీపు మీద ఒక్కటి చరిచాడు. మరుక్షణం తన చేతిని తానే చూసుకుంటూ బిక్కమొహం వేశాడు. ఇక నేను రిజిస్టర్ల జోలికి పోలేదు. ఆ పిల్లాడినీ, ఆ టీచరమ్మ చేతులనూ చూస్తూ కూర్చుండిపోయాను.

ఆమె అరవలేదు. ముందు దెబ్బ తిన్న పాప వీపు నిమిరింది. తర్వాత వాడి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, వాడి రెండు చేతులూ తన అరచేతుల్లోకి తీసుకుంది. గట్టిగా పట్టుకోలేదు, వాడు విడిపించుకోవాలనుకుంటే విడిపించుకోవచ్చు. వాడి ఊపిరి నెమ్మదించేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "బుక్కు గావాల్నంటే చెయ్యి చాపి అడగాలె. అడుగు బిడ్డా" అంది. వాడు చెయ్యి చాపాడు. పాప ఇవ్వనంది. వాడి భుజాలు మళ్లీ బిగుసుకున్నాయి. టీచరమ్మ బొటనవేలు వాడి మణికట్టు మీద మెల్లగా కదులుతూనే ఉంది. "పాప చూసుడు అయినంక నీకిస్తది. నేనిప్పిస్త." కాసేపటికి ఆ పుస్తకం వాడి ఒళ్లోకి వచ్చింది. ఇప్పిస్తానన్న మనిషి ఇప్పించింది.

మనవణ్ని చూడ్డానికి నానమ్మ వచ్చి గుమ్మం దగ్గరే కూలబడింది. "ఊకుంటలేడు మేడం. చెయ్యి ముందుగాల పోతది, బుద్ధి ఎనుకకెల్లి వస్తది. ప్రైవేటు బడిల ఏస్తే నెల తిరగకముందే తీస్కపొమ్మన్నరు. తాయత్తు గట్టిచ్చినం. తాత కట్టె వట్టిండు. ఏమన్న మారిండా?" ఆమె గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ.

వాళ్లింటికి వెళ్లాను. వీధిలో పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు. తల్లి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం చుట్టేస్తోంది. కళ్లు మాత్రం పిల్లాడి మీదే ఉన్నాయి. వెయ్యి బీడీల లెక్కన కట్టే కూలి అది, చాట ఒలికితే ఆ పూట కష్టం నేలపాలైనట్టే. వాడొకసారి చాట తన్నేస్తే కొట్టానని తల వంచుకుని చెప్పింది. ఆమెను తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. నన్ను పట్టుకున్నది నానమ్మ అన్న ఇంకో మాట: "వాళ్ల నాయిన దసరాకొస్తడని చెప్పినం, రాలే. సంక్రాంతికన్నం. గప్పుడు గూడ సెలవు దొర్కలే."

మర్నాడు కేంద్రంలో అన్నం వేళ టీచరమ్మ ఒక పని చేసింది. గుడ్లు పంచే పని వాడికే అప్పగించింది. పంచేముందు ఒక గుడ్డు తీసి వాడికి చూపించి, "ఇది నీది. నా చేతిలనే ఉంటది. అందరికీ వెట్టినంక నీకిస్త" అంది. ఎడమ అరచేతిలో ఆ గుడ్డు అందరికీ కనబడేలా పట్టుకునే వాడి వెంట నడిచింది. మూడో పళ్లెం దగ్గర వాడి చెయ్యి నోటి వైపు పోయింది. ఆమె ఏమీ అనలేదు, కుడిచెయ్యి వాడి మోచేతి కింద ఆనించి ఆగింది, అంతే. వాడు ఆమె ఎడమచేతి వైపు చూశాడు. గుడ్డు అక్కడే ఉంది. చేతిలోది పళ్లెంలో పెట్టాడు. చివరి పళ్లెం అయ్యీ కాకముందే వాడి గుడ్డు వాడి చేతిలో పెట్టి, "ఆగినవ్ బిడ్డా, మంచిగ ఆగినవ్" అంది. ఏ పనికి మెచ్చుకుంటోందో వాడికి తెలిసేలా మెచ్చుకుంది.

ఆమెకు తెలియకుండానే ఆమె చేసినదానికి గట్టి ఆధారం ఉంది. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, పెద్దవాళ్లు తిరిగొచ్చేదాకా తినకుండా ఆగితే రెండోది ఇస్తామని చెప్పి పరీక్షించాడు. ఆగినవాళ్లు పెద్దయ్యాక చదువులో ముందున్నారని తర్వాత తేలింది. దాంతో ఆగడమనేది పుట్టుకతో వచ్చే గుణమని లోకం నమ్మేసింది. 2018లో ఇంకా ఎక్కువ మంది పిల్లల వివరాలతో మళ్లీ చూసి, ఇంటి పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలామటుకు చెరిగిపోయింది. అంతకుముందే, 2013లో, పరిశోధకురాలు సెలెస్ట్ కిడ్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. పరీక్షకు ముందు పెద్దవాళ్లు మాట తప్పడం చూసిన పిల్లలు సగటున మూడు నిమిషాలే ఆగారు. మాట నిలబెట్టుకోవడం చూసినవాళ్లు పన్నెండు నిమిషాలు ఆగారు.

ఇస్తామన్నది ఇవ్వరని తెలిసిన పిల్లాడికి దొరికినప్పుడే లాక్కోవడం తెలివైన పని. రెండు పండుగలకు రాని తండ్రి కోసం ఎదురుచూసిన వాడికి "తర్వాత" అనే మాట మీద నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది? తండ్రిది తప్పని కాదు, సెలవు అతని చేతిలో లేదు. వస్తాడో రాడో తేలనప్పుడు వస్తాడని చెప్పకుండా ఉండటం మాత్రం ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది. చిన్న మాటలే ఇచ్చి, ఇచ్చిన ప్రతిదీ చెల్లించాలి. పిల్లాడికి ఆగడం నేర్పాలంటే పెద్దలు ముందు చేయాల్సింది ఇదే.

ఆ రోజు పిల్లలు తిన్నాక టీచరమ్మ ఆట పెట్టింది. స్టీలు పళ్లెం మీద గరిటెతో వాయిస్తుంటే గెంతాలి, చప్పుడు ఆగితే కదలకుండా నిలబడాలి. మొదట్లో వాడు నిలబడలేకపోయాడు. "నువ్వు పోలీసు సాబ్. ఎవరు కదులుతున్నరో చూడు" అని వాణ్ని గుమ్మం దగ్గర నిలబెట్టేసరికి కొయ్యబారినట్టు నిలబడ్డాడు. ఊరికే కదలకుండా ఉండమంటే ఉండలేని పిల్లలు, ఆటలో కాపలావాడి వేషం కట్టిస్తే అంతకన్నా చాలా ఎక్కువసేపు నిలబడతారని సోవియట్ పరిశోధకురాలు మనుయిలెంకో 1948లోనే చూపించింది. మన దాగుడుమూతలు, అష్టాచెమ్మా, నేలా-బండా, స్టాచ్యూ ఆటలన్నీ ఆగడం నేర్పేవే. వాటిని వాకిట్లోంచి తోసేసి పిల్లాడి చేతిలో ఫోను పెట్టాం. ఇప్పుడు వాడు ఆగడం లేదని కట్టె పడుతున్నాం.

కట్టె వల్ల ఒరిగేదేమీ లేదు. చేతిని ఆపే పని మెదడు ముందుభాగానిది. అది పూర్తిగా పక్వానికి వచ్చేది ఇరవై దాటాకే. దెబ్బ తిన్న పిల్లాడు భయం నేర్చుకుంటాడు, బలమున్నవాడు కొట్టొచ్చని నేర్చుకుంటాడు.

కొందరు పిల్లలకు ఇవేవీ చాలవు. ఇంట్లోనూ బయటా రెండుచోట్లా ఆరు నెలలకు పైగా ఇలాగే ఉంటే, తనకో ఎదుటివాళ్లకో దెబ్బలు తగులుతుంటే డాక్టరుకు చూపించాలి. ముందు చెవులు పరీక్ష చేయించాలి, ఎందుకంటే వినబడని పిల్లాడు కూడా మాట విననివాడిలాగే కనిపిస్తాడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి. వాళ్లు చూడాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) కూడా ఉంది. అది ఉన్నా సరే, నాలుగైదేళ్ల పిల్లలకు మందుల కన్నా ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 సూచనల్లో చెప్పింది. బీడీ చాట ముందు కూర్చున్న తల్లికి ఆ శిక్షణ ఎవరిస్తారు?

ఇవ్వగలిగిన మనిషి అంగన్‌వాడీ గదిలోనే ఉంది, ఆ టీచరమ్మే. ఆమె గోడు వేరు: "పిల్లలతోని కూసుందమంటే ఫోను మోగుతది మేడం. ఫొటో దింపాలె, ఎంట్రీ కొట్టాలె, సర్వేకు పోవాలె. పాఠం ఎప్పుడు చెప్పాలె?" 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడు పిల్లల మానసిక, సామాజిక ఎదుగుదలకు పునాది వేయడం దాని లక్ష్యాల్లో ఒకటి. 2023లో వచ్చిన 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం రోజుకు కనీసం రెండు గంటలు బడి ముందు చదువు ఉండాలంటోంది. ఆచరణలో ఆమెను గుడ్ల లెక్కకు, పోషణ్ ట్రాకర్ యాప్‌కు కట్టిపడేశాం. ఆమెకిచ్చేదాన్ని జీతమని కూడా అనం, గౌరవ వేతనమంటాం. ఇలాంటివాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. మోచేతి కింద చెయ్యి ఆనించి ఆగడం ఏ రిజిస్టర్లోనూ నింపే గడి లేని పని. గడి లేదు కాబట్టి ఆ పనిని ఎవరూ అడగరు. అడగని పని మెల్లగా మాయమైపోతుంది.

పసుపు బోర్డు కోసం 2019లో 170 మందికి పైగా రైతులు లోక్‌సభ ఎన్నికల బరిలో నిలిచిన జిల్లా ఇది. 2025 జనవరిలో ఆ బోర్డు సాధించుకుంది కూడా. అడగడం తెలిసిన జిల్లా పిల్లల కోసమూ అడగాలి. బడి ముందు చదువుకు కేటాయించిన ఆ రెండు గంటలూ టీచరు చేతిలో ఫోను ఉండకూడదు, ఏ సర్వేకూ ఆమెను పిలవకూడదు. నెలకోసారైనా పిల్లల మనసు తెలిసిన మనిషి మండలానికి వచ్చి, తల్లులతో, నానమ్మలతో కూర్చోవాలి. పిల్లాడి పేరు కొట్టేసిన బడి ఎందుకు కొట్టేసిందో రాసివ్వాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన కోరికలు కావు. ముప్కాల్‌లో ఒకామె ఈ పనిని ఎవరూ అడగకుండానే చేస్తోంది. ఆమెకు వేళ మిగల్చడమే మనం చేయాల్సింది.