ఆపా ఉన్నన్నాళ్ళు

పోర్చుగల్ రాజు మొదటి సాంచో 1211లో చనిపోయాడు. పోయేముందు వసియ్యత్‌లో ముగ్గురు కూతుళ్ళకీ తలా ఒక ఖిలా రాశాడు. తెరేజాకి మోంతెమోర్, సాంచాకి అలెంకేర్, మఫాల్దాకి సేయ. తఖ్తు ఎక్కిన కొడుకు రెండో అఫోన్సోకి ఇది నచ్చలేదు. ఆడవాళ్ళకి ఖిలాలు పంచుకుంటూ పోతే తన హుకుమత్ ఏం కావాలని ఫౌజు వేసుకుని సొంత అక్కచెల్లెళ్ళ మీదికే వెళ్ళాడు. ఆ తగాదా రోమ్‌లో పోప్ దాకా పోయి ఏళ్ళ తరబడి నడిచింది.

మనం స్కూల్లో ఉందులుస్ చరిత్ర చదివాం కానీ ఈ ముగ్గురి గురించి ఎవరూ చెప్పలేదు. ఉర్దూ మీడియం తారీఖ్ పుస్తకాల్లో కథ ఎప్పుడూ ఖుర్తుబా, గర్నాతాల దగ్గరే ఆగిపోయేది. తెరేజా ఉన్న ప్రాంతం కోయింబ్రా. ఒకప్పుడు అరబ్బులు దాన్ని ఖులుంరియా అనేవాళ్ళు.

తెరేజాకీ మఫాల్దాకీ రాజులతోనే నికాలు జరిగాయి. వధూవరులది దగ్గరి చుట్టరికమని రెండూ రద్దయ్యాయి. (మన ఇళ్ళల్లో అదే కారణం చెప్పి సంబంధం ఖాయం చేస్తారు!) పుట్టింటికి తిరిగొచ్చిన ఆ ఇద్దరూ, అసలు పెళ్ళే చేసుకోని సాంచా, ముగ్గురూ సన్యాసినుల మఠాలు నిలబెట్టారు. తెరేజా లోర్వావ్‌లో మగ సన్యాసుల్ని పంపేసి ఆడవాళ్ళని పెట్టింది. సాంచా కోయింబ్రా పక్కన సెలాస్ కట్టించింది. మఫాల్దా అరోకాలో ఉన్న పాత మఠాన్ని సిస్టర్షియన్ పద్ధతిలోకి మార్చింది. ఆ పద్ధతి 1098లో ఫ్రాన్స్‌లోని సితోలో పుట్టింది. సాదా బట్ట, సాదా తిండి, సొంత చేతుల కష్టం, గోడల మీద నఖ్షీలు వద్దు అనేది దాని ఉసూల్.

రహబానియత్ మన దీన్‌లో లేదు. నాకూ తెలుసు, ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. కాన్వెంట్ అంటే మన కొవ్వూరులో టై కట్టుకుని పిల్లలు వెళ్ళే స్కూలు, అంతే. నాకు పనిపడింది ఇబాదత్‌తో కాదు, ఇమారత్‌తో. మొగుడు లేని ఆడది ఒక కప్పు కింద, ఒకరి దయ మీద కాకుండా, ముసలితనం దాకా ఉండగలిగిన ఇల్లు ఎలా ఉంటుందా అని చూశాను.

అరోకా మఠం కొండల మధ్య లోయలో ఉంది. ఇప్పుడు కనిపించేది చాలావరకు 17, 18 శతాబ్దాల్లో తిరిగి కట్టింది. కోటగోడలాంటి పొడవైన గోడ, వరసగా కిటికీలు, మధ్యలో చౌకు సహన్, దాని చుట్టూ వరండాలు. చర్చిని రెండు భాగాలు చేశారు. ముందు భాగం ఊరి జనానిది, వెనక భాగం సన్యాసినులది, మధ్యలో ఇనప జాలీ. మన మస్జిదుల్లో జనానా వైపు కట్టే పరదాకి దూరపు బంధువన్నమాట. నఖ్షీలు వద్దన్న ఆ పద్ధతివాళ్ళే తర్వాత తర్వాత చెక్కకి బంగారు పూత పూయించి తళతళలాడే కొయిరా కట్టుకున్నారు. ఫఖీరీతో మొదలైన చాలావాటి గతి ఇంతే. మన దర్గాలేం తక్కువ తినలేదు.

వంటగది సంగతి కూడా చెప్పాలి. గుడ్డు సొనా పంచదారా కలిపి చేసే మిఠాయిలకి అక్కడి మఠాలు మషూర్. తెల్లసొన బట్టలకి గంజి పెట్టడానికి పోయేదనీ, మిగిలిన పచ్చసొన ఇలా పనికొచ్చేదనీ అంటారు. నదికి అవతల ఆత్రేయపురంలో గంజితోనే కాగితమంత పల్చటి పూతరేకు చేస్తున్న ఆడవాళ్ళు ఈ మాట వింటే నవ్వుకుంటారు.

1834లో పోర్చుగల్ సర్కారు ఫర్మానా తెచ్చింది. మగవాళ్ళ మఠాలన్నీ అప్పటికప్పుడు బంద్, జమీను సర్కారుది. ఆడవాళ్ళ మీద మాత్రం రహమ్ చూపించింది. కొత్తవాళ్ళని చేర్చుకోకూడదు, ఉన్నవాళ్ళు చచ్చిపోయేదాకా ఉండొచ్చు, ఆఖరి ఆమె పోయాక ఇమారత్ సర్కారుకి. అరోకాలో ఆఖరి సన్యాసిని పోయింది 1886లో. అంటే 52 ఏళ్ళు. లోర్వావ్‌లో అయితే ఇల్లు ఉంచి రాబడి లాక్కున్నారు. ఎర్కులానో అనే చరిత్రకారుడు 1853లో వెళ్ళి చూసి, అంత పెద్ద మహలులో ముసలి సన్యాసినులు ఆకలితో ఉన్నారని రాశాడు. ఆ మహలే తర్వాతి కాలంలో చాలా ఏళ్ళు పిచ్చాసుపత్రిగా నడిచింది.

ఆ ఫర్మానా చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. అవే మాటలు మా ఇంట్లో రెండు నెలలుగా వింటున్నాను.

మా అబ్బా వదిలివెళ్ళింది గోదావరి గట్టుకి దగ్గర్లో ఐదు సెంట్ల స్థలం, అందులో పెంకుటిల్లు. వారసులం ముగ్గురం: హైదరాబాద్‌లో ఉండే భాయిజాన్, ఆపా, నేను. ఆపాకి నికా కాలేదు. అమ్మీ మంచం పట్టిన ఆరేళ్ళూ, అబ్బా ఆఖరి రెండేళ్ళూ చూసుకుంది తనే. ముందు గదిలో మూడు మిషన్లు పెట్టి ఆడపిల్లలకి కుట్టు నేర్పుతుంది. భాయిజాన్ కాగితం రాయించాడు. ఆపా ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఉంటుంది, తర్వాత అన్నదమ్ములం చెరిసగం. పెద్దలు నలుగురూ కూర్చుని మాషాఅల్లా అన్నారు. చెల్లెలి మీద ఎంత ఎహసాన్ అన్నారు.

ఇందులో ఎహసాన్ ఏముందో నాకు అర్థం కాలేదు. లెక్క కష్టమైందేం కాదు. మగాడికి రెండు వంతులు, ఆడదానికి ఒకటి. ఇద్దరు అన్నదమ్ములు, ఒక అక్క అంటే ఐదు వంతులు, అందులో ఒకటి ఆపాది. ఐదు సెంట్లలో ఒక సెంటు. సూరా నిసాలో అల్లా ఖరారు చేసిన హిస్సా అది. రెండింతలు తీసుకునేవాడికి ఆ ఒక్క వంతు ఇవ్వడానికి కూడా చెయ్యి రాకపోతే ఏమనాలి? ఉండనివ్వడం వేరు, ఇవ్వడం వేరు. ఉండనిస్తే ఆమె అమ్ముకోలేదు, హిబా చెయ్యలేదు, కప్పు కారితే అడిగి బాగుచేయించుకోవాలి. పైగా ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆమె ఎప్పుడు పోతుందా అని లోపల్లోపల లెక్కపెడుతుంటారు. పోర్చుగల్ సర్కారు కూడా 52 ఏళ్ళు అదే పని చేసింది.

"హక్కు" అనే మాట మన ఉర్దూ నుంచే తెలుగులోకి వచ్చింది. మాటని ఊరంతటికీ ఇచ్చి మనం మాత్రం ఖాళీ చేతులతో కూర్చున్నాం.

నేను ఆ కాగితం మీద దస్తఖత్ చెయ్యలేదు. భాయిజాన్ అప్పట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు. వదినా మాత్రం ఒకసారి మాట్లాడింది. ఒక సెంటు ఇచ్చెయ్యమంటే ఇస్తాం కానీ వెనకవైపు, నుయ్యి పక్కన తీసుకోమని కబురు. ఆపాకి ఆ మాట చెప్పాను. నలభై ఎనిమిది గజాలే కదా, ఎటైతే ఏంటి అనుకుంటుందేమో అని భయపడ్డాను.

"నుయ్యి పక్కన చీకటి, దారం సూదిలోకి ఎక్కదు. నాకు రోడ్డు వైపే కావాలి, ముందు గది, వరండా. మీ భాయిజాన్‌కి చెప్పు," అంది.

సర్వేయరు గురువారం వస్తానన్నాడు.