కొట్టేసినా ఖాళీ కాదు

ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ ఎర్రబడి వారమైంది. కంపెనీ హైదరాబాద్‌లో, నేను ఉద్దానంలో, మా జీడితోట పక్కింట్లో. పని కోసం విండోస్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకుని, దాని లోపల ఉబుంటు నడుపుతాను. లోపలికెళ్లి చూస్తే వాడకం 31 జీబీ. బయట దాని వీడీఐ ఫైల్ మాత్రం 92. మిగతా 61 ఎవరు తింటున్నట్టు?

ఎవరూ తినట్లేదు. ఈ రకం డిస్క్ అవసరమైనప్పుడల్లా పెరుగుతుంది, దానంతటది తగ్గదు. లోపల ఫైల్ డిలీట్ చేస్తే ఉబుంటు తన చిట్టాలో పద్దు కొట్టేస్తుంది, అంతే. గోదాంలో బస్తా కదలదు. బయటున్న విండోస్‌కి ఏది సరుకో ఏది చెత్తో తెలీదు. అందుకని కొట్టేసిన చోటంతా ముందు సున్నాలతో నింపాలి. డిస్క్‌ని రీడ్ ఓన్లీలో పెట్టి జీరోఫ్రీ నడిపితే ఆ పని అవుతుంది. తర్వాత మెషీన్ ఆపేసి, విండోస్ వైపు నుంచి వీబాక్స్‌మేనేజ్‌తో కాంపాక్ట్ చేస్తే ఫైల్ కుదించుకుపోతుంది.

రాత్రి పదకొండుకి కమాండ్ కొట్టి, ఎంటర్ నొక్కబోతూ ఆగాను. సున్నాలు పడ్డాక ఇంక ఏదీ తిరిగి రాదు. కొట్టేసినవాటిలో ఏమున్నాయి? డాకర్ ఇమేజీలు, లాగ్‌లు... ఇంకా, ‘ఫోన్‌లో ఉన్నాయిలే’ అనుకుని నిరుడు తీసేసిన ఫొటోల ఫోల్డర్. ఆ ఫోన్ ఈ వేసవిలో బావిలో పడింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ ఫొటోలు అదే ఏడు వేసవివి. కొబ్బరిచెట్ల కింద నాయనమ్మ పనసతొనలు ఒలుస్తుంటే తీశాను. ఇప్పుడు ఆ చెట్లూ లేవు, ఆవిడా లేదు. కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఇంతకు మించి ఎవరూ అడగరు.

“ఏటిరా, ఇంకా పడుకోనేదు?” అంటూ నాన్న వచ్చాడు. విషయం చెప్పాను.

పడిన చెట్లని లెక్క రాసుకుని వెళ్లిపోయారు గానీ, మొద్దులు తోటలోనే ఉండిపోయాయి. కుళ్లే మొద్దుల్లో కొమ్ము పురుగు పెరిగి కొత్త మొక్కల మొవ్వు తొలిచేస్తుంది. అవన్నీ కోసి బయటికి మోస్తేగానీ నాటడానికి లేదు. నెలలు పట్టింది.

“మొద్దులు తియ్యకుండా కుదరదు గానీ, ముందు కాయలు ఏరుకున్నాం కదరా,” అన్నాడు నాన్న.

మెషీన్ ఆపి, లైవ్ ఐఎస్‌ఓతో బూట్ చేసి, ఫొటోరెక్ నడిపాను. అది ఖాళీ అని రాసున్న చోటే వెతికి, బొమ్మల్లాంటివి ఏరుతుంది. దొరికినవి అదే డిస్క్ మీద పెట్టకూడదు, పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. తెల్లారేసరికి నాలుగొందల పైచిలుకు ఫైళ్లు. పేర్లు రావు, ఉత్త అంకెలే. చాలావరకు ఏవేవో ఐకాన్లు. ఏడాదిగా కొన్ని చోట్ల నేనే కొత్తవి రాసేశాను కాబట్టి ఫొటోలు సగాలే వచ్చాయి.

నాయనమ్మది ఒకటుంది. పైన కొబ్బరాకులు, నవ్వుతున్న మొహం. మెడ కిందంతా బూడిద రంగు.

తర్వాత ఎంటర్ నొక్కేశాను. కాంపాక్ట్ అయ్యాక 34 జీబీ.

నాన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని టెక్కలిలో స్టూడియోకి వెళ్లాడు. కింద సగం వేసి ఇస్తాం, చీర ఏ రంగో చెప్పమన్నారట. అక్కణ్నుంచే ఫోన్ చేశాడు. అమ్మ ఆకుపచ్చ అంటుంది. నాన్న, కాదు, నేరేడు రంగు అంటాడు. ఆ ఫొటో తీసిన నాకు గుర్తు రావట్లేదు.