బ్యాటరీ పోతే తలుపు తీసేదెలా?

ఈమధ్య మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఊళ్లో చూసినా వీధికి రెండు మూడు కార్లు కనిపిస్తున్నాయి. విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకునే కుర్రాడు సంక్రాంతికి కొత్త కారులో దిగితే వీధి వీధంతా చుట్టూ చేరుతుంది. ఎంత పడింది బాబూ, లీటరుకి ఎంత ఇస్తోంది, పైన అద్దం తెరుచుకుంటుందా, వెనక ఎంతమంది పడతారు? అన్నీ అడుగుతారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. బ్యాటరీ చచ్చిపోతే, తాళం పడిపోతే, లోపలున్న మనిషి ఈ తలుపు ఎలా తీసుకుంటాడు? ఇవాళ మీతో ఆ సంగతే మాట్లాడాలని ఉంది.

మనకి అలవాటైన కారు తలుపులో దాపరికం ఏమీ లేదు. పిడి లాగితే లోపల ఒక తీగో కడ్డీయో కదులుతుంది, అది లాచ్‌ని వదులుతుంది, తలుపు వస్తుంది. కరెంటుతో పని లేదు. ఖరీదైన స్పోర్ట్స్ కార్లలో, కొత్త ఎలక్ట్రిక్ కార్లలో కొన్నింటికి ఈ పద్ధతి మారింది. అక్కడ పిడి బదులు బటన్ ఉంటుంది. నొక్కితే సంకేతం వెళ్తుంది, చిన్న మోటారు తిరుగుతుంది, లాచ్ విడుతుంది. బయటికి పొడుచుకొచ్చే పిడి ఉండదు కాబట్టి కారు ఒళ్లు నున్నగా ఉంటుంది, గాలి అడ్డు కాస్త తగ్గుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. అంతా బాగానే ఉంది కానీ, ఆ మోటారు తిరగాలంటే 12 వోల్టుల బ్యాటరీలో ప్రాణం ఉండాలి.

అందుకే ఇలాంటి కార్లలో చేత్తో తీసుకునే దారి కూడా ఒకటి పెడతారు. అమెరికా వాళ్ల షెవర్లే కార్వెట్‌నే తీసుకోండి. 2005 మోడల్ నుంచి దాని తలుపులు బటన్‌తోనే తెరుచుకుంటాయి. కరెంటు లేనప్పుడు లాగడానికి సీటు పక్కన, కింద నేల దగ్గర, ఒక మీట ఉంటుంది. 2015 జూన్‌లో టెక్సస్ రాష్ట్రంలోని పోర్ట్ ఆర్థర్ అనే ఊళ్లో 72 ఏళ్ల పెద్దాయన ఒకరు 2007 మోడల్ కార్వెట్‌లో చిక్కుకుపోయారు. బ్యాటరీ తీగ ఊడిపోయింది. బటన్ పనిచేయలేదు, హారన్ మోగలేదు. ఆ ఎండకి ఆయనా, వెంట ఉన్న పెంపుడు కుక్కా కారులోనే చనిపోయారు. మీట ఆయన సీటు పక్కనే ఉంది. అది అక్కడుందని తెలియని మనిషికి ఉన్నా లేనట్టే కదండీ.

అది ఎక్కడో అమెరికా ముచ్చట, మనకెందుకు అనుకుంటున్నారేమో. విజయనగరం పక్కనే ద్వారపూడి ఉంది. 2025 మే 18, ఆదివారం. సెలవు రోజు కదా అని నలుగురు పిల్లలు ఆడుకోవడానికి బయటికి వెళ్లారు. పదేళ్లు కూడా నిండని పసివాళ్లు. మహిళా మండలి కార్యాలయం దగ్గర ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. ఊరంతా వెతికి, చివరికి ఆ కారులో చూసేసరికి నలుగురూ ప్రాణాలతో లేరు. అంతకు నెల ముందే, ఏప్రిల్ 14న, రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నపిల్లలు ఇలాగే పోయారు. ఆ తల్లిదండ్రుల దుఃఖానికి మనం చెప్పగలిగే ఓదార్పు లేదు. మన ఇంటి ముందున్న కారుని ఇకమీదట వేరే కంటితో చూడటం మాత్రం మన చేతిలో ఉంది.

ఎండలో నిలిపిన కారు ఎంత తొందరగా కాగిపోతుందో చాలామందికి తెలియదు. బయట 35 డిగ్రీలుంటే గంట తిరక్కుండానే లోపల 50 దాటిపోతుంది. అందులోనూ పెరగాల్సిన వేడి చాలావరకు మొదటి అరగంటలోనే పెరుగుతుంది. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాదు. పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్ల కంటే మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. మే నెల ఎండలో మన వైపు ఉక్క ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

మరి మామూలు కార్లో లోపలి పిడి లాగితే తలుపు రావాలి కదా అంటారు. రావాలి. చట్టం కూడా అదే చెబుతోంది. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లలో, సెంట్రల్ లాకింగ్ పడిపోయినా చేత్తో విడిపించుకునే ఏర్పాటు తప్పనిసరి. ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు గంట, వేగం హెచ్చరిక, రివర్స్ సెన్సర్లతో పాటు వచ్చిన నిబంధన ఇది. మిగతావాటి గురించి అందరూ చెప్పుకున్నారు, దీని గురించి పెద్దగా ఎవరూ చెప్పుకోలేదు. కొన్ని కార్లలో పిడిని ఒకసారి లాగితే తాళం విడుతుంది, రెండోసారి లాగితే తలుపు వస్తుంది. కొన్నింట్లో ముందు చిన్న మీట తిప్పాలి. ఒకసారి లాగి, రాలేదని ఏడుస్తూ కూర్చున్న పిల్లాడికి రెండోసారి లాగాలని ఎవరు చెప్పాలి? వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే అసలు ఎన్నిసార్లు లాగినా రాదు. ముందు సీటులోకి దూకి అక్కణ్ణుంచి తీసుకోవాల్సిందే. పరిగెత్తే కారులోంచి పిల్లలు పడిపోకుండా మనం వేసిన తాళమే, ఆగి ఉన్న కారులో వాళ్లని బంధించేస్తుంది.

మన పాత పెంకుటిళ్ల తలుపులకి లోపల అడ్డగడియ ఉండేది. చీకట్లో కూడా చెయ్యి దాన్ని వెతుక్కోనక్కర్లేదు, ఇంట్లో అందరికీ దాని చోటు తెలుసు. కారులో చేత్తో తీసే మీట కూడా అంత తెలిసిన వస్తువు కావాలి.

కార్లు తయారు చేసేవాళ్లకీ ఈ సెగ ఇప్పుడిప్పుడే తగులుతోంది. 2025 సెప్టెంబరులో అమెరికా రహదారి భద్రతా సంస్థ 2021 టెస్లా మోడల్ వై కార్లు సుమారు 1,74,000 మీద విచారణ మొదలుపెట్టింది. తల్లో తండ్రో కారు దిగి, వెనక సీట్లో పిల్లని తీసుకుందామంటే బయటి పిడి పలకలేదు. కొందరు అద్దం పగలగొట్టి తీసుకున్నారు. ముందు సీటు వాళ్లకి కిటికీ బటన్ల దగ్గర చేత్తో లాగే మీట ఉంది కానీ, వెనక సీటులో పసిబిడ్డ దాన్ని అందుకోలేదు. చైనా ప్రభుత్వం ఒకడుగు ముందుకేసి, 2027 జనవరి 1 నుంచి కొత్త మోడళ్లకు లోపలా బయటా కరెంటుతో పనిలేని పిడి ఉండి తీరాలని నిబంధన తెచ్చింది. మన దగ్గర కూడా పిడి ఒంట్లోకి ఒదిగిపోయే కార్లు వచ్చేశాయి, ఇలాంటి నిబంధన మన ప్రభుత్వమూ తొందరగా తేవాలి.

చట్టం వస్తే ప్రాణాలు నిలబడతాయనడానికి ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. జానెట్ ఫెనెల్ అనే అమెరికన్ మహిళని, ఆమె భర్తని 1995లో దొంగలు వాళ్ల కారు డిక్కీలోనే పెట్టి మూసేశారు. అదృష్టం బాగుండి బయటపడ్డాక ఆమె ఊరుకోలేదు. డిక్కీ లోపల్నుంచి తెరుచుకునే ఏర్పాటు ఉండాలని ఏళ్ల తరబడి పోరాడింది. 2001 సెప్టెంబరు నుంచి అమెరికాలో డిక్కీ ఉన్న ప్రతి కొత్త కారుకీ లోపల చీకట్లో మెరిసే పిడి తప్పనిసరి అయింది. ఒక ఇల్లాలు పట్టుబడితే అయిన పని ఇది.

బస్సుల సంగతీ వేరు కాదు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కాలిపోయి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు తగలబడినప్పుడు తలుపు తెరుచుకోలేదు, కొందరు అద్దాలు పగలగొట్టుకుని బయటపడ్డారు. పలాస నుంచో బొబ్బిలి నుంచో రాత్రి బస్సెక్కితే దుప్పటి కప్పుకునే ముందు అత్యవసర ద్వారం ఎక్కడుందో, సుత్తి ఎక్కడ వేలాడుతోందో ఒక్కసారి చూసుకోండి.

ఇక కారు ఉన్నవాళ్లకి నాలుగు మాటలు. దిగిన ప్రతిసారీ తాళం వేయండి, ఇంటి ముందైనా సరే. తాళంచెవి పిల్లలకి అందనివ్వకండి. పిల్లలు కనిపించకపోతే బావి, చెరువుతో పాటు వీధిలో ఉన్న ప్రతి కారులోకీ తొంగిచూడండి, డిక్కీతో సహా. రిమోట్ తాళంలో చాలావాటికి లోపల ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది, అది పెట్టే రంధ్రం డ్రైవరు తలుపు పిడి దగ్గర, ఒక్కోసారి చిన్న మూత కింద, ఉంటుంది. వెతికి పెట్టుకోండి. లోపల ఎవరైనా చిక్కుకుని తలుపు రాకపోతే, మనిషికి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల మీద కొట్టండి, నడిమధ్యన కాదు. కారు ధర గురించి ఆలోచించే సమయం కాదది.

అన్నిటికంటే ముఖ్యమైంది పిల్లలకి నేర్పడం. ఈ సాయంత్రమే, ఎండ తగ్గాక, పిల్లల్ని కారులో కూర్చోబెట్టండి. మీరూ పక్కనే కూర్చోండి. తలుపులు వేసి, తాళం వేసి, మీట ఎక్కడుందో, ఎన్నిసార్లు లాగాలో వాళ్ల చేతనే చేయించండి. వెనక నుంచి ముందుకు దూకడం నేర్పండి. హారన్ నొక్కమనండి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా హారన్ మోగుతుంది, మీ కారులో మోగుతుందో లేదో ఇప్పుడే తేలిపోతుంది. పక్కింటి పిల్లల్నీ పిలవండి. పావుగంట పని. రేపటికి వాయిదా వేయకండి.