త్రాసు ఎక్కడం ఎన్నాళ్ళకొకసారి?

ఒకప్పుడు మన దేశంలో మనిషి తన బరువు తెలుసుకోవాలంటే రైలు ప్రయాణం కలిసి రావలసి ఉండేది. ప్లాట్‌ఫారం మీద రంగురంగుల దీపాలు వెలుగుతూ ఆరుతూ నిలువెత్తు యంత్రం ఒకటి నిలబడి ఉండేది. పిల్లలు ముందుగా పరుగెత్తి ఎక్కేవారు. పెద్దలు చుట్టూ ఒకసారి చూసి, చేతి సంచీ క్రింద పెట్టి, చెప్పులతోనే ఎక్కేవారు. లోపలి చక్రం తిరగడం ఆగిన తరువాత నాణెం వేస్తే, అట్టముక్క టిక్కెట్టు ఒకటి టక్కున రాలిపడేది. దానికి ఒక ప్రక్క బరువు, రెండవ ప్రక్క జాతకం. ప్రయాణికుడు రెండింటినీ ఇంచుమించు సమానంగానే నమ్మి, టిక్కెట్టును చొక్కా జేబులో వేసుకుని, మళ్ళీ ప్రయాణం వచ్చేవరకు ఆ సంగతి మరచిపోయేవాడు.

ఇప్పుడు ఆ యంత్రం మంచం క్రిందికి వచ్చింది. ఊరక కాలు మోపితే చాలు, వంద గ్రాముల తేడాతో సహా అంకె చూపిస్తుంది. దానితోపాటు, పూర్వం ఎవరికీ తట్టని ప్రశ్న ఒకటి ఇంటింటా ప్రవేశించింది. బరువు తగ్గించుకోదలచినవారు త్రాసు ఎన్నాళ్ళకొకసారి ఎక్కాలి? ప్రతిదినమూ అని కొందరు, వారానికొకసారి అని కొందరు, అసలు దాని ముఖమే చూడవద్దని మరికొందరు సలహా చెబుతారు. ఎవరి మాటకు వారి వద్ద ఉదాహరణలు ఉన్నాయి. కాని త్రాసు ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలుసుకోకుండా ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

ఈ విషయాన్ని అందరికంటె ముందుగా, అందరికంటె ఓపికగా పరిశీలించినవాడు ఇటలీ దేశపు వైద్యుడు శాంటోరియో శాంటోరియో (1561–1636). ఆయన ఒక పెద్ద త్రాసుకు కుర్చీ వ్రేలాడదీయించి, దానిలో కూర్చుని తనను తాను తూచుకున్నాడు. తిన్నదీ త్రాగినదీ తూచాడు. విసర్జించినది కూడా తూచాడు. ఇంచుమించు ముప్పది సంవత్సరాలు ఈ పని సాగింది. లోపలికి పోయినదానికీ, కంటికి కనబడేట్లు బయటికి వచ్చినదానికీ పొత్తు కుదరలేదు. ఎక్కువ భాగం చర్మం ద్వారా, ఊపిరి ద్వారా, తెలియకుండానే గాలిలో కలిసిపోతున్నదని ఆయన నిర్ణయించి, 1614లో గ్రంథరూపంలో ప్రకటించాడు. మనిషి బరువు ఒకచోట నిలిచి ఉండే వస్తువు కాదని లోకానికి మొదటిసారిగా లెక్కతో సహా తెలిసింది.

శాంటోరియో గమనించిన ఆ కదలికలో సింహభాగం నీటిది. పెద్దవారి శరీరంలో సగానికి పైగా నీరే. రాత్రి పడుకున్నవారు తెల్లవారి లేచి కాలకృత్యాలు తీర్చుకునేసరికి, ఏ ప్రయత్నమూ లేకుండానే, అర కిలోకు తక్కువ కాకుండా తేలికపడి ఉండవచ్చు. ఉప్పు ఈ నీటిని పట్టి ఉంచుతుంది. ఆస్పత్రిలో నరానికి ఎక్కించే సెలైను లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. శరీరంలోని ద్రవాల ఉప్పదనం కూడా ఆ పాటిదే. కనుక ఆదివారం మధ్యాహ్నం ఆవకాయ, అప్పడాలు, వడియాలతో భోజనం సాగితే, సోమవారం ఉదయం త్రాసు పైకి పోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ పెరిగినది కొవ్వు కాదు, ఉప్పు ఆపిన నీరు.

అన్నం, రొట్టె వంటి పిండి పదార్థాల నుండి శరీరం కొంత చక్కెరను కాలేయంలోనూ కండరాలలోనూ నిలవ చేసుకుంటుంది. ఆ నిలవ ఒక్కొక్క గ్రాముకూ సుమారు 3 గ్రాముల నీరు తోడు ఉంటుంది. అన్నం మానివేసినవారికి మొదటి వారంలోనే ఒకటి రెండు కిలోలు తగ్గి, ఊరంతా చెప్పుకోవాలనిపించడానికి కారణం ఇదే. నిలవ కరిగింది, నీరు పోయింది. ఏకాదశి నాడు తగ్గిన కిలో ద్వాదశి పారణతో తిరిగి రావడానికీ కారణం ఇదే. కొందరు స్త్రీలకు నెలసరికి ముందు కూడా ఇట్లే నీరు చేరి బరువు పెరిగి, తరువాత దానంతట అదే తగ్గుతుంది.

ఇక కొవ్వు కరగడం ఎంత నెమ్మదిగా జరుగుతుందో చూడాలి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. మనిషి తనకు అవసరమైనదానికంటె రోజుకు 500 కేలరీలు తక్కువ తింటే, అది తేలికైన నియమం కాదు, లెక్క ప్రకారం రోజుకు కరిగేది 65 గ్రాములు. అంటే ఇంచుమించు ఒక కోడిగుడ్డు ఎత్తు. ఇదే శరీరంలో నీరు ఒక రోజులో చెంబెడు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. చెంబెడు నీటి చాటున కోడిగుడ్డంత మార్పును వెతకడమే ప్రతిదినం త్రాసు ఎక్కేవారి పని.

కోస్తా జిల్లాలలోని ఒక చిన్న పట్టణంలో విశ్రాంత గణితోపాధ్యాయుడు ఒకరు ఈ భేదం తెలియక ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. పన్నెండేళ్ళుగా మధుమేహం. వయస్సు అరవై రెండు, బరువు 83 కిలోలు. నెమ్మదిగా ఐదు కిలోలు తగ్గితే మోకాళ్ళకూ, చక్కెరకూ మంచిదని వైద్యుడు చెప్పాడు. సంక్రాంతికి వచ్చిన కుమారుడు బరువు చూసే యంత్రం కొని ఇచ్చి వెళ్ళాడు. ఆ నాటి నుండి ఆయన లేవగానే ఒకసారి, స్నానం చేసి ఒకసారి, సాయంకాలం నడక ముగించి ఒకసారి, పడుకోబోతూ ఒకసారి దానిని ఎక్కడం మొదలుపెట్టారు. అంకె తగ్గిన పూట ఇల్లు కళకళలాడేది. పెరిగిన పూట కూరలో నూనె ఎంత పోశావని భార్యను నిలదీసేవారు.

ఒకనాటి సాయంకాలం యంత్రం ఉదయం కంటె 800 గ్రాములు ఎక్కువ చూపింది. పగలు తిన్న అన్నమూ త్రాగిన నీరూ ఇంకా ఒంటిలోనే ఉన్నాయి, అంతకు మించి విశేషం లేదు. కాని ఆయనకు అది పరాజయంగా తోచింది. చక్కెర మాత్ర అలవాటు ప్రకారం వేసుకుని, రాత్రి భోజనం వద్దని కంచం ప్రక్కకు నెట్టివేశారు. అర్ధరాత్రి దాటాక భార్యకు మెలకువ వచ్చి చూస్తే ప్రక్క అంతా చెమటతో తడిసి ఉన్నది. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతున్నది. ఆమె గాభరా పడినా తెలివి తప్పలేదు. ఆయన ఇంకా మ్రింగగల స్థితిలో ఉన్నారని చూసి, పంచదార కలిపిన నీళ్ళు గుటకగుటకగా త్రాగించింది. పావుగంటకు తేరుకున్నారు. భోజనం లేకుండా మాత్ర పని చేయడం వలన రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయిందని మరునాడు తెలిసింది.

వైద్యుడు మందలించలేదు. "మాస్టారూ, ఒక్క పరీక్షలో మార్కులు తగ్గాయని పిల్లవాణ్ణి తరగతి తప్పించేవారా మీరు?" అని అడిగాడు.

"లేదండీ. ఏడాది పొడుగునా రాసినవన్నీ చూసి సగటు కట్టేవాణ్ణి."

"మరి మీ ఒంటికి ఆ న్యాయం ఎందుకు చెయ్యరు?"

"ఆ యంత్రాన్ని అటక మీద పడేస్తాను, డాక్టరు గారూ" అన్నది భార్య.

"వద్దమ్మా, క్రిందనే ఉండనివ్వండి. ఉదయం ఒక్కసారి ఎక్కమనండి. అంకె ఎంత వచ్చినా భోజనం మాత్రం మాననివ్వకండి."

లెక్కల మాస్టారికి లెక్క దొరికితే చాలు. ఆయన పాత నోటు పుస్తకంలో గళ్ళు గీసి, రోజుకొక అంకె వ్రాయసాగారు. మొదటి వారం సోమవారం మొదలుకొని వరుసగా 82.4, 83.1, 82.0, 82.7, 81.9, 82.6, 82.2. రెండవ వారం 82.1, 81.6, 82.5, 81.8, 82.3, 81.5, 81.7. మొదటి వారపు సగటు 82.4 కిలోలు, రెండవ వారపు సగటు 81.9. తగ్గినది అర కిలో.

ఈ అంకెలలోనే వారానికొకసారి తూచుకునేవారికి కూడా పాఠం ఉన్నది. ఆయన మంగళవారం మాత్రమే త్రాసు ఎక్కే నియమం పెట్టుకుని ఉంటే, ఒక్క వారంలో కిలోన్నర తగ్గానని పొంగిపోయేవారు. శుక్రవారం నియమం అయితే, 81.9 నుండి 82.3కు పెరిగానని క్రుంగిపోయేవారు. మనిషి ఒక్కడే, భోజనం ఒక్కటే, నడక ఒక్కటే. వారానికొకసారి చూసుకోవడంలో మనశ్శాంతి ఎక్కువ, నిజమే. అయితే అట్టివారు ఒక వారపు అంకెను నమ్మక, నాలుగైదు వారాల వరుసను చూసిన తరువాతనే ఒక నిర్ణయానికి రావాలి. ప్రతిదినం చూసుకునేవారు ఏ రోజు అంకెనూ పట్టించుకోక, వారపు సగటును చూడాలి.

తగ్గిన బరువును నిలుపుకోవడంలో ప్రతిదినపు తూకం ఉపకరిస్తుందనడానికి ఆధారం ఉన్నది. అమెరికాలో రీనా వింగ్ బృందం బరువు తగ్గిన 314 మందిని పదునెనిమిది నెలలు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. ప్రతిదినం తూచుకోవడం, అంకెను బట్టి వెంటనే చిన్న సవరణ చేసుకోవడం ముఖాముఖి శిక్షణలో నేర్చుకున్నవారిలో 45.7 శాతం మంది 2.3 కిలోలు గాని అంతకు మించి గాని తిరిగి పెరిగారు. కరపత్రాలు మాత్రమే అందుకున్నవారిలో ఆ సంఖ్య 72.4 శాతం. శిక్షణలో బరువును రైలు సిగ్నలు వలె ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించారు. పసుపులోకి వస్తే ఎక్కడ జారుతున్నామో చూసుకోవాలి, ఎరుపులోకి వస్తే మళ్ళీ నియమం మొదలుపెట్టాలి. త్రాసు ఒక్కటే ఈ మేలు చేసిందనడానికి వీలు లేదు. చూసిన తరువాత ఏమి చేయాలో వారికి ముందే తెలిసి ఉండడం అందులో పెద్ద భాగం.

కొందరికి ప్రతిదినపు తూకం ఐచ్ఛికం కాదు, చికిత్సలో భాగం. గుండె బలహీనపడి నీరు చేరే జబ్బు ఉన్నవారికి వైద్యులు రోజూ ఉదయం త్రాసు ఎక్కమని చెబుతారు. రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే అది తిండి వలన వచ్చినది కాదు. ఆయాసం రాకముందే నీరు పంపిన వర్తమానం. వెంటనే వైద్యునికి తెలియజేయాలి. ఎదిగే పసిపిల్లల బరువు నెలనెలా చూసి పటంలో గుర్తించడం 1975లో ఆరంభమైన అంగన్‌వాడీ వ్యవస్థలో ముఖ్యమైన పని. ఏ ప్రయత్నమూ చేయకుండా ఆరు నెలలు, ఏడాదిలో శరీర బరువులో ఇరవయ్యవ వంతు తగ్గినవారు సంతోషించడానికి ముందు వైద్యుని చూడాలి. క్షయ, మధుమేహం, మరికొన్ని పెద్ద జబ్బులు మొదట త్రాసు మీదనే కనబడవచ్చు.

త్రాసుకు దూరంగా ఉండవలసినవారూ ఉన్నారు. ఎదిగే వయస్సు ఆడపిల్ల ఒకతె అంకె చూసి అన్నం మానుతున్నా, తిన్నది కక్కివేస్తున్నా, పూటపూటకూ ఎక్కనిదే ఊరట చెందకపోయినా, ఆ ఇంటిలో యంత్రం ఉండకపోవడమే మేలు. అది ఆమెకు కొలబద్దగా పనికిరాదు. ఆమెకు కావలసినది తల్లి దండ్రుల తోడు, వైద్యుని సాయం.

ఇంతా చేసి త్రాసుకు తెలియనిది మరొకటి ఉన్నది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యూడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఛాయాచిత్రం ప్రకటించారు. ఎత్తుతో పోల్చి బరువును లెక్కకట్టే సూచిక ఇద్దరికీ 22.3. కాని కొవ్వు యూడ్కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. సన్నగా కనబడే భారతీయుని ఒంటిలో కూడా కొవ్వు దాగి ఉండవచ్చునని ఆ చిత్రం లోకానికి చూపింది. అందుచేత మన దేశస్థులకు దర్జీ టేపు కూడా అవసరమే. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండడం మంచిది. నెలకొకసారి చూసుకుంటే చాలు.

రోజూ తూచుకోదలచినవారు పాటించవలసిన నియమాలు కొద్దిపాటివే. యంత్రాన్ని చాప మీద గాని, తివాచీ మీద గాని కాక గట్టి నేల మీద ఉంచాలి. ఉదయం కాలకృత్యాలు తీరిన తరువాత, కాఫీకి ముందు, రోజూ ఒకే రకం తేలిక బట్టలతో ఎక్కాలి. అంకెను వ్రాసి పుస్తకం మూసివేయాలి. ఆ రోజుకు మళ్ళీ ఎక్కకూడదు.

ఎన్నాళ్ళకొకసారి అన్న ప్రశ్నకు సమాధానం ఆ తరువాత త్రాగే కాఫీలో తెలుస్తుంది. అంకె ఏదైనా కాఫీ నిన్నటి రుచితోనే ఉంటే, ప్రతిదినం తూచుకోవచ్చు. అంకెను బట్టి కాఫీ చేదెక్కుతుంటే వారానికొకసారి చాలు. కాఫీతోపాటు ఉపాహారం కూడా మానాలనిపిస్తే, యంత్రాన్ని కొన్నాళ్ళు అటక మీద పెట్టి, వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు మాత్రమే తూచుకోవడం శ్రేయస్కరం.