మా బొమ్మల వేలంపాట

మా తొమ్మిదో తరగతిలో నలభై మందిమి ఉన్నాం. విశాఖపట్నంలోనే పుట్టి పెరిగినవాళ్లు మాలో నలుగురే. మిగిలిన వాళ్ల అమ్మానాన్నలు నౌకాదళంలోనో, రైల్వేలోనో, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలోనో పనిచేస్తూ బదిలీ మీద ఇక్కడికి వచ్చినవారు. ఇంకో రెండు మూడేళ్లలో మాలో సగం మందిమి వేరే ఊళ్లో, వేరే బడిలో ఉంటాం. అందుకే ఇక్కడి బొమ్మల కళాకారుల కోసం వేలంపాట పెడదామని అనుకున్నప్పుడు, "మనం ఉండేదే మూడేళ్లు. మనకెందుకు?" అని మాలోనే ఒకరు అడిగారు. ఆ రోజు ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం.

2025 జనవరి 26న ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతో వెళ్లింది. దానికి మూడో బహుమతి కూడా వచ్చింది. టీవీలో చూసి మురిసిపోయాం కానీ, ఆ ఊరు మనకు రెండు గంటల దూరంలోపే ఉందని మా తెలుగు మాస్టారు చెప్పేదాకా మాలో చాలామందికి తెలియదు. ఒక శనివారం బడి బస్సులో అనకాపల్లి, యలమంచిలి దాటి వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి వెళ్లాం.

అక్కడ అంకుడు కర్రను ఆరబెట్టి, ముక్కలు కోసి, తరిణి మీద గిరగిరా తిప్పుతూ నునుపుగా మలుస్తారు. ఒకప్పుడు తాడు లాగి తిప్పేవారట, ఇప్పుడు కరెంటు మోటారు ఉంది. తిరుగుతున్న కర్రకు రంగు లక్కను ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. రంగులు కూడా చెట్టూచేమా ఇచ్చినవే. పసుపు కొమ్ము నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలి మొక్క నుంచి నీలం. పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మరి ఇంత పేరున్నా కష్టం దేనికి? అంకుడు కర్ర దొరకడం ఏడాదికేడాది కష్టమవుతోందని ఆ కళాకారుల సంఘం వాళ్లు చెప్పారు. అంకుడు మొక్కలు కొని నాటాలని, వాటికి కంచె వేయాలని వాళ్ల ఆలోచన. దానికి డబ్బు కావాలి. మా వేలంపాట ఆ మొక్కల కోసమే.

బోర్డు మీద "పేద కళాకారులకు సాయం చేయండి" అని రాద్దామనుకుంటున్నామని చెప్పగానే, తరిణి ముందు కూర్చున్న తాతగారు చెయ్యి ఆపారు. "సాయం అని రాయకండమ్మా. సాయమైతే ఓపాలి సేత్తారు. సరుకు బాగుందంటే మల్లీ మల్లీ వత్తారు" అన్నారు. బోర్డు మీద మాటలు మారిపోయాయి. "ఏటికొప్పాక లక్క బొమ్మల వేలంపాట" అని మాత్రమే రాశాం.

ఆ మాటతోనే మా నియమం కూడా పుట్టింది. ప్రతి బొమ్మకూ చేసినవారు చెప్పిన ధరే మొదటి పాట. అంతకు ఒక్క రూపాయి తగ్గినా అమ్మేది లేదు. ఆ ధర నేరుగా చేసినవారికి వెళ్తుంది. దానిపైన ఎంత పెరిగితే అంత మొక్కల నిధికి. డబ్బు మేం ముట్టుకోలేదు. మా టీచర్లు, సంఘం నుంచి వచ్చిన ఇద్దరు కలిసి ఒకే పుస్తకంలో లెక్క రాశారు.

పేరెంట్స్ మీటింగ్ అయ్యాక, మధ్యాహ్నం సభా మందిరంలో వేలం మొదలైంది. మొత్తం 42 వస్తువులు. "ఇక పాట పాడండి" అని మైకులో చెప్పగానే, ఈ మధ్యే జలంధర్ నుంచి వచ్చిన మా మిత్రుడి అమ్మగారు "ఏ పాట?" అని అడిగారు. తెలుగులో వేలంలో ధర చెప్పడాన్ని కూడా పాట అనే అంటారని వివరించేసరికి అందరూ నవ్వారు. ఆ నవ్వుతో బిడియం పోయింది. కుంకుమ భరిణెలు, బొంగరాలు చకచకా అమ్ముడయ్యాయి.

ఎడ్లబండి దగ్గర ఇద్దరు నాన్నలకు పంతం వచ్చింది. 500 రూపాయల దగ్గర మొదలై, వందలు వందలుగా పెరిగి 3,200 దగ్గర ఆగింది. చప్పట్లతో హాలు మోగిపోయింది. ఆ వెంటనే వచ్చిన లక్కపిడతల సెట్టుకు 650 అన్నాం. ఎవరూ పలకలేదు. ఒకటోసారి, రెండోసారి... నిశ్శబ్దం. "400 నుంచి మొదలుపెట్టండి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మేం తగ్గించలేదు. మాలో ఒకమ్మాయి సెట్టులోని ఒక్కో పిడతనూ బల్ల మీద పెడుతూ మాట్లాడింది. "ఇందులో 14 వస్తువులున్నాయి. మూతలతో కలిపి 19 సార్లు తరిణి ఎక్కాయి. ప్రతి మూతా దాని గిన్నెకే సరిపోయేలా చేశారు. కావాలంటే మార్చి పెట్టి చూడండి." ఒక అమ్మమ్మగారు ముందుకొచ్చి నిజంగానే మూతలు మార్చి చూశారు. పట్టలేదు. "ఏడువందలు" అన్నారామె. చివరికి ఆ సెట్టు 1,100కు ఆమె దగ్గరే ఆగింది.

ఎడ్లబండి, లక్కపిడతలు రెండూ చేసింది ఆ తాతగారే. మాతో పాటు లెక్క చూసి నవ్వారు. "పిడతలకే పని ఎక్కువ, బాబూ" అన్నారు. అప్పుడు మాకు బాలాపూర్ లడ్డూ గుర్తొచ్చింది. 1994లో 450 రూపాయలకు పాడిన ఆ లడ్డూ ఇప్పుడు లక్షలు పలుకుతోంది. లడ్డూలో పంచదార పెరగలేదు, పాడేవాళ్ల భక్తీ పట్టుదలా పెరిగాయి. వేలంలో పెరిగే ధర కొనేవాళ్ల గురించి చెబుతుంది. పని విలువ ఎంతో చేసినవారే చెప్పాలి. మొదటి పాటను వాళ్లకే వదిలిపెట్టడం ఎంత మంచిదయిందో ఆ రోజు అర్థమైంది.

మొత్తం 39,300 రూపాయలు వచ్చాయి. కళాకారుల ధర 17,900 వాళ్లకు అక్కడే అందింది. మిగిలిన 21,400 మొక్కల నిధికి వెళ్లింది. ఆ వర్షాకాలంలోనే మొక్కలు నాటారు.

ఆ మొక్కలు చెట్లయి, తరిణి ఎక్కే నాటికి మేం ఇక్కడ ఉండం. "మేం చూడలేం కదా తాతగారూ" అంటే ఆయన, "ఇప్పుడు మేం కోసే సెట్టు మేం నాటినదేటి?" అన్నారు. "మనకెందుకు?" అని అడిగిన మిత్రుడు ఆ మాట విని, సంఘం వాళ్ల ఫోన్ నంబరు తన డైరీలో రాసుకున్నాడు. వాళ్ల నాన్నగారికి ఇప్పుడు కొచ్చికి బదిలీ అయింది. అక్కడి నుంచి పుట్టినరోజు కానుకల కోసం బొంగరాలు తెప్పించుకున్నాడట, బేరమాడకుండా.

మన నాన్నగార్లకు, అమ్మగార్లకు ఏ ఊరికి బదిలీ అయినా, దగ్గరలో ఒక చేతిపని ఉంటుంది. చెన్నపట్న, కొండపల్లి, నిర్మల్, సావంత్‌వాడి ఇలా ఎన్నో. ఆ ఊళ్లో సామాన్లు విప్పుకోవడం పూర్తయ్యాక ఒక్క సెలవు రోజు అక్కడికి వెళ్లి రండి. ధర అడిగే ముందు, దాన్ని ఎలా చేస్తారో అడగండి.