మెసేజ్ రాని రాత్రి

సోదరులారా,

మేము ఇద్దరం రెజైనాలో ఒక కంపెనీ ఆఫీసులో నైట్ డ్యూటీ చేసే గుమస్తాలం. ఒకరిది జగిత్యాల దగ్గర పల్లె, ఇంకొకరిది తణుకు పక్కన ఊరు. ఇద్దరిదీ ఇంటర్ చదువే. క్యాంపుల నుంచి వచ్చిన టైమ్ షీట్లు రాత్రిపూట కంప్యూటర్‌లో ఎక్కించడం మా పని. దానితోపాటు మా టేబుల్ మీద ఇంకో కంప్యూటర్ ఉంటుంది. దాని మీద ఒక కన్ను వేసి ఉంచాలి. ఆ రెండో పని గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. ఎందుకంటే ఆ పనిలో మేము చేసిన తప్పు వల్ల మీలాంటి 40 మంది ఒక రాత్రి చలిలో వణికారు.

మీ హాజరు, మీ జీతం లెక్క, క్యాంపులో వైఫై అన్నీ సర్వర్లనే పెద్ద కంప్యూటర్ల మీద నడుస్తాయి. అవి బాగున్నాయా లేదా అని మాటిమాటికీ పలకరించి చూసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నాగియోస్ అని ఒకటి, లాత్వియా దేశంలో పుట్టిన జాబిక్స్ అని ఒకటి, ఇలా చాలా. తెర మీద పచ్చ రంగు ఉంటే అంతా బాగున్నట్టు. ఎర్ర రంగు వస్తే ఏదో చెడినట్టు. ఎరుపు రాగానే డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. దాన్నే అలర్ట్ అంటారు. మా దగ్గర క్యాంపు బాయిలర్ గదిలో వేడిని కొలిచే పరికరాన్ని కూడా దీనికే కలిపారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. మరమ్మతు కోసం మనమే మెషీన్ ఆపినా సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు. చెడిపోయిందనుకుని మెసేజ్ మీద మెసేజ్ పంపుతుంది. అందుకని ముందే చెప్పి పెట్టే ఏర్పాటు ఉంది. ఫలానా మెషీన్‌కు ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు మరమ్మతు అని రాసిపెడితే ఆ సమయంలో మెసేజ్‌లు రావు. గడువు దాటగానే కాపలా తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. దీన్ని మెయింటెనెన్స్ టైమ్ అంటారు. ఇంకో అడ్డదారి కూడా ఉంది. ఒక్క బటన్ నొక్కితే మెసేజ్‌లు మొత్తం ఆగిపోతాయి. కానీ దానికి గడువు లేదు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని మళ్లీ నొక్కేదాకా అలాగే ఉంటుంది.

అది జనవరి నెల. బయట మైనస్ 34 డిగ్రీలు. సి బ్లాక్ బాయిలర్ పంపు సర్వీసింగ్ రాత్రి 8 గంటలకు మొదలైంది. పావుగంటలో మా ఫోన్లకు ఇరవై మెసేజ్‌లు వచ్చాయి. గడువు రాసిపెట్టాలంటే నాలుగు గళ్లు నింపాలి. బద్ధకించి అడ్డదారి బటన్ నొక్కేశాం. మాలో ఎవరు నొక్కారో ఇక్కడ రాయం. ఇద్దరం ఆ గదిలోనే ఉన్నాం. 10 గంటలకు పని అయిపోయిందని టెక్నీషియన్ ఫోన్ చేశాడు. సరేనన్నాం. టైమ్ షీట్లలో పడిపోయాం.

రాత్రి 1 గంట 40 నిమిషాలకు ఆ పంపు ఆగిపోయింది. తెర మీద ఎరుపు వచ్చింది కానీ, కాసేపు కదపకపోతే ఆ తెర నల్లబడిపోతుంది. మేము ఫోన్‌నే నమ్ముకుని కూర్చున్నాం. ఫోన్ మోగలేదు. మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాం. ఇద్దరం టీ తాగుతూ ఈ రాత్రి ప్రశాంతంగా ఉందని చెప్పుకున్నాం కూడా.

4 గంటలు దాటాక క్యాంపు వంటాయన ఫోన్ చేశాడు. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, మేమంతా బాబాయ్ అని పిలుస్తాం. "ఒరే బాబూ, గోడలు మంచుగడ్డల్లా ఉన్నాయిరా. కుళాయిలో చుక్క నీరు రావట్లేదు. కుర్రాళ్లంతా దుప్పట్లు కప్పుకుని నా వంటింట్లోకి వచ్చేశారు. మీకేమీ తెలియలేదా?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు.

వేడి తిరిగి వచ్చేసరికి ఉదయం 7 అయింది. పైపులు పగిలాయి. ఉబ్బసం ఉన్న ఒక అన్నను ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. రెండు రోజుల్లో కోలుకుని వచ్చాడు. రాకపోతే మేము ఈ ఉత్తరం రాయగలిగేవాళ్లం కాదు.

ఆ ఉదయం రిపోర్టు రాయాలి. మా వర్క్ పర్మిట్లు ఆ కంపెనీ పేరు మీదే ఉన్నాయి. ఉద్యోగం పోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. మెషీన్ మెసేజ్ పంపలేదని రాస్తే అబద్ధం కాదు కదా అని ఒక క్షణం అనిపించింది. కానీ బాబాయ్ అడిగిన మాట చెవిలోనే ఉంది. మేమే ఆపాం, తిరిగి పెట్టడం మరిచాం అని రాసి ఇద్దరం సంతకం పెట్టాం. మందలింపు కాగితం ఇచ్చారు. ఉద్యోగం నిలిచింది.

తర్వాత చదివితే తెలిసింది, ఈ తప్పు పెద్దపెద్దవాళ్లు కూడా చేశారని. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలతో పాటు కెనడాలోని అంటారియోలో కూడా కరెంటు పోయింది. దాదాపు 5 కోట్ల మంది చీకట్లో ఉన్నారు. ఆ రోజు ఇండియానాలో కరెంటు లైన్లను గమనించే కేంద్రంలో, 5 నిమిషాలకోసారి నడిచే లెక్క ప్రోగ్రామ్‌ను ఒక ఉద్యోగి మరమ్మతు కోసం ఆపాడు. తప్పు సరిచేశాడు. తిరిగి ఆటోమేటిక్‌లో పెట్టడం మరిచి భోజనానికి వెళ్లాడు. అదే మధ్యాహ్నం ఒహాయోలో ఒక కరెంటు కంపెనీ కంట్రోల్ గదిలో అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. ఆగిందని అక్కడివాళ్లకు గంటకు పైగా తెలియలేదు. చెట్లకు తగిలి లైన్లు ఒక్కొక్కటే పడిపోతున్నా, అలారం రాలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు. మా టీ కప్పులు గుర్తొచ్చాయి.

ఇప్పుడు మా టేబుల్ మీద ఒక కాగితం అంటించుకున్నాం. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, ఎన్ని గంటలకు మళ్లీ మొదలవుతుంది. ఈ మూడూ రాయకుండా ఏదీ ఆపం. పని అయ్యాక తెర పచ్చబడిందని కళ్లతో చూసేదాకా టెక్నీషియన్‌ను వెళ్లనివ్వం.

గడువు రాయడంలోనూ ఒకసారి బోల్తా పడ్డాం. మా పెద్ద టెక్నీషియన్లు టొరంటోలో ఉంటారు. మన రెజైనాలో గడియారం ఏడాదంతా మారదు. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు తేడా ఎప్పుడూ 11 గంటల 30 నిమిషాలే. కానీ టొరంటోలో మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు. చలికాలంలో మనకూ వాళ్లకూ 1 గంట తేడా ఉంటే, ఎండాకాలంలో 2 గంటలు. వాళ్లు రాత్రి 1 గంటకు పని అంటే పాత లెక్కన మేము 12 అని రాశాం. వాళ్లు మన టైమ్ 11కే మొదలుపెట్టారు. మెసేజ్‌లు వరదలా వచ్చాయి. ఈసారి బటన్ జోలికి పోలేదు. ఫోన్ చేసి కనుక్కుని గడువు సరిచేశాం.

ఇదంతా ఆఫీసు గోల, మాకెందుకు అనుకోకండి. మీ గదిలో పై కప్పుకు ఉన్న పొగ అలారం సంగతి చూడండి. తాలింపు వేస్తే మోగుతుందని దానికి సాక్స్ తొడిగినవాళ్లను, బ్యాటరీ తీసేసినవాళ్లను మేము చూశాం. తాలింపు అయిపోతుంది, కడుపు నిండుతుంది, సాక్స్ మాత్రం అక్కడే ఉంటుంది. అది కూడా గడువు లేని బటనే. ఊరికే మోగుతుంటే సూపర్‌వైజర్‌కు చెప్పి చోటు మార్పించండి, లేదా కొత్తది పెట్టించండి. నోరు మాత్రం మూయకండి.

మన విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో సైరన్లు ఉన్నా మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. నిద్రలో ఉన్న ఊరికి ఆ మోత ఒక్కటే కాపలా.

ఈ రాత్రి పడుకునే ముందు ఒకసారి తల ఎత్తి పైకి చూడండి. అలారం మీద ఏదైనా తొడిగి ఉంటే తీసేయండి. మీటింగుల్లో కలిసినప్పుడు బాబాయ్ మమ్మల్ని ఇప్పటికీ అడుగుతాడు, "పచ్చగానే ఉందా?" అని. ఉంది బాబాయ్, చూసే చెబుతున్నాం.

ఇట్లు,
మీ తోటి నైట్ డ్యూటీ గుమస్తాలు, రెజైనా