నోరున్న ఆడవాళ్ళు, పేరున్న కవులు

ఇంగ్లండ్ పల్లెల్లో జనం ఎన్ని తీరుల పోట్లాడుకునేవారో చూడాలంటే జోసెఫ్ రైట్ మాండలిక నిఘంటువును మించిన చోటు లేదు. 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాలుగా వచ్చిన ఆ ‘ఇంగ్లీష్ డయలెక్ట్ డిక్షనరీ’లో ప్రతి మాట పక్కనా అది ఏయే కౌంటీల్లో వినబడుతుందో రాసి ఉంటుంది. యార్క్‌షైర్, లాంకషైర్ వైపు పిల్లలు గిల్లికజ్జాలు పెట్టుకుంటే ‘ఫ్రాచ్’. వినిపించీ వినిపించనట్టు తనలో తాను సణుక్కోవడం ‘చంటర్’. ఎదుటివాడు కాదన్నకొద్దీ అదే మాట మళ్ళీ మళ్ళీ అని మొండికెత్తడం ‘త్రీప్’. ఇక అసలైన తిట్ల జాతర, గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని ఒకరి వంశాన్ని ఒకరు కడిగేసుకునేది ‘ఫ్లైట్’. విమానానికీ దీనికీ చుట్టరికం లేదు.

పల్లెటూరి నోళ్ళలో పడి మంచి ఇంగ్లీషు చెడిపోతే ఇలాంటి మాటలు పుట్టాయని చాలామంది చదువుకున్నవాళ్ళు నమ్మేవారు. జరిగింది వేరు. ఫ్లైట్, త్రీప్ రెండూ వెయ్యేళ్ళు దాటిన పాత ఇంగ్లీషు మాటలు. 1066లో నార్మన్లు వచ్చి రాజ్యం పట్టకముందే జనం నోట ఆడినవి. మందలింపుకు వాడే ‘చైడ్’ కూడా వాటి ఈడుదే. దానికి పట్నంలో చోటు దొరికింది, పుస్తకాలకెక్కింది. మిగతా రెంటినీ లండన్ వదిలేస్తే ఉత్తరాది గొర్రెలకాపరులూ నేతగాళ్ళూ దాచుకున్నారు. వేల్స్ సరిహద్దున చెషైర్‌లో త్రీప్‌వుడ్ అనే ఊరుంది. తగవులో ఉన్న అడవి అని ఆ పేరుకు అర్థం. చాలాకాలం అది ఏ పారిష్‌కూ చెందకుండా ఉండిపోయింది. తగవు సమసిపోయినా దాని పేరు ఊరికి మిగిలింది.

ఇంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచిన మాట ‘సేక్’. ఫలానావారి కోసం అనడానికి ఇంగ్లీషువాళ్ళు పొద్దస్తమానం వాడే ఈ మాటకు పూర్వరూపం ‘సకు’. దాని అర్థం తగాదా, వ్యాజ్యం, నేరారోపణ. న్యాయస్థానంలో ఒకరి పక్షాన నిలబడటం అనే భావం మెల్లగా ఒకరి కోసం అనే భావంగా మెత్తబడింది. కొన్ని మాటలు ఇలా కోపం పోగొట్టుకుంటాయి. ‘నాటర్’ ఒకప్పుడు ఉత్తరాదిలో గొణుగుడు, విసుగు. ఇప్పుడు అదే మాటకు ఇరుగుపొరుగుల పిచ్చాపాటీ అని అర్థం. ‘నాగ్’ మాత్రం మెత్తబడలేదు. స్కాండినేవియా భాషల్లో కొరకడం, నమలడం అనే అర్థమున్న మాటకు దగ్గరి చుట్టం అది. మాండలికాల్లోంచి 19వ శతాబ్దంలో అందరి ఇంగ్లీషులోకీ వచ్చి, భర్తను సాధించే భార్యకు అంటుకుని అక్కడే ఉండిపోయింది.

అసలు సంగతి ‘స్కోల్డ్’ దగ్గరుంది. ఈ రోజు బడిపిల్లవాడికి కూడా తెలిసిన మాట. దీని పుట్టుక గురించి భాషాచరిత్రకారులు ఎక్కువమంది చెప్పేది, స్కాండినేవియా ‘స్కాల్డ్’ నుంచి వచ్చి ఉంటుందని. స్కాల్డ్ అంటే కవి. నార్వే రాజుల కొలువుల్లో వీరుల్ని పొగిడి కడియాలు పుచ్చుకున్న ఆస్థాన కవి. ఆ కవి పొగడ్తకు ఎంత విలువో తిట్టుకు అంత భయం. ఐస్‌లాండ్ పాత చట్టాల సంపుటి ‘గ్రాగాస్’లో కవిత్వం మీదే ఒక అధ్యాయముంది. ఒకరిని నిందిస్తూ సగం పద్యం కట్టినా సరే, కట్టినవాణ్ణి సంఘం నుంచి వెలివేసి అడవుల పాలు చేయవచ్చు. తిట్టుకవి నోటికి జడిసి రాజులు పల్లకి దిగిన కథలు విని పెరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు. వేములవాడ భీమకవి శాపాల గురించి మన ఊళ్ళలో చెప్పుకున్నవన్నీ ఈ భయానికి చెందిన కథలే.

అంత పెద్ద కవి పేరు ఇంగ్లండ్ చేరేసరికి గయ్యాళి ఆడదానికి పేరైంది. ఒక్క మాట నడిచిన ఈ దారిలో ఒక దేశపు న్యాయమంతా కనిపిస్తుంది నాకు.

1500 ప్రాంతంలో స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్ కొలువులో విలియం డన్‌బార్, వాల్టర్ కెనెడీ అనే ఇద్దరు కవులు తిట్ల యుద్ధం చేశారు. దాన్ని ఫ్లైటింగ్ అన్నారు, అంటే పల్లె జనం గుమ్మాల్లో చేసుకున్నదాని పేరే. ఐదువందల పైచిలుకు పంక్తులు. కెనెడీ మాట్లాడే గేలిక్ భాషను డన్‌బార్ వెక్కిరిస్తాడు, అతని దరిద్రాన్నీ ఎండిపోయిన ఒంటినీ ఎత్తిపొడుస్తాడు. కెనెడీ తక్కువ తినలేదు. డన్‌బార్ పూర్వీకుల దేశద్రోహాన్ని తవ్వి తీస్తాడు, ఓడ ప్రయాణంలో కడుపు తిరిగి పడిన అవస్థను పూసగుచ్చినట్టు వర్ణిస్తాడు. ఇవన్నీ కఠినమైన ఛందస్సులో, ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు గుత్తులుగా పేర్చి, చివర్లో పంక్తి మధ్యలో కూడా ప్రాసలు మోగిస్తూ. చదువుతుంటే ఊపిరాడదు. స్కాట్లండ్‌లో మొట్టమొదటి అచ్చుయంత్రం పెట్టిన చెప్మన్, మిల్లర్ 1508లో అచ్చేసినవాటిలో ఈ తిట్లు కూడా ఉన్నాయి. తర్వాతి రాజు ఐదో జేమ్స్ తానే ఈ ఆటకు దిగి డేవిడ్ లిండ్సే అనే కవిని తిడితే, లిండ్సే రాజుకు పద్యంలోనే బదులిచ్చాడు. ఎవరి తలా తెగలేదు.

అదే స్కాట్లండ్ పట్టణాల న్యాయసభల పుస్తకాల్లో ఫ్లైటింగ్ అనే నేరం నమోదై ఉంది. నిందితులు చాలావరకు ఆడవాళ్ళు. చేపలమ్మేవాళ్ళు, సారాయి కాచేవాళ్ళు, పనిమనుషులు. వాళ్ళకు కూడా ఉపమానాలు వచ్చు, వంశచరిత్రలు తెలుసు, ఊపిరి తీసుకోకుండా మాట అల్లగలరు. వాళ్ళ ముందు అచ్చుయంత్రం మాత్రం లేదు. 16వ శతాబ్దంలో స్కాట్లండ్‌లో మొదలై ఇంగ్లండ్ ఉత్తరానికి పాకిన శిక్ష ‘బ్రాంక్స్’. ఇనప చట్రాన్ని తలకు బిగించి, దాని ముందున్న రేకును నోట్లో నాలుక మీదికి దూర్చి, పశువుకు కళ్ళెం వేసినట్టు వేసి ఊరేగించడం.

ఆ కళ్ళెం ఎలా ఉంటుందో దాన్ని మోసిన మనిషే రాసిన సాక్ష్యం మనకు మిగిలింది. డొరొతీ వా అనే ఆమె, క్వేకర్ అనే క్రైస్తవ శాఖ బోధకురాలు, 1655లో కార్లైల్ ఊరి సంతలో నిలబడి మోసాన్నీ అధర్మాన్నీ ఖండిస్తూ మాట్లాడింది. మేయర్ ఆమెకు ఆ కళ్ళెం తొడిగించాడు. మరుసటేడు అచ్చైన తన కథనంలో ఆమె ఆ ఇనుము బరువు తొడిగినవాళ్ళే చెప్పిన ప్రకారం ఒక స్టోన్, అంటే ఆరు కిలోల పైమాటే, ఉందని రాసింది. ముఖం మీదికి దిగిన కమ్మీల సంగతీ, నోట్లోకి వచ్చిన ముక్క సంగతీ చెప్పింది. ఆమె ఎవరితోనూ జగడమాడలేదు. ధర్మం చెప్పింది. గయ్యాళి కోసం చేసిన ఇనుము బోధకురాలి నోటికి అంత తేలిగ్గా సరిపోయిందంటే ఆ శిక్ష గురి జగడం మీద కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. షేక్‌స్పియర్‌కు ఇది తెలుసు. ‘ది వింటర్స్ టేల్’ నాటకంలో అనుమానంతో కళ్ళు మూసుకుపోయిన రాజుకు పౌలీనా మొహం మీదే నిజం చెబుతుంది. రాజు ఆమెను ‘కాలెట్’ అంటాడు, అంటే నోటిదురుసు ముండ అని. ఆ కాలెట్ కూడా తర్వాత ఉత్తరాది మాండలికాల్లోకి సర్దుకుని తిట్టడం అనే క్రియగా బతికింది.

ఇంగ్లండ్ చట్టంలో ఈ నేరానికి ‘కామన్ స్కోల్డ్’ అని పేరు. లాటిన్‌లో ‘కమ్యూనిస్ రిక్సాట్రిక్స్’. 1769లో వెలువడిన తన చట్ట వ్యాఖ్యాన సంపుటిలో న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టోన్ దీన్ని ఊరికి ఉపద్రవమైన నేరాల్లో చేర్చి, ఆ లాటిన్ మాట స్త్రీలింగమే కాబట్టి ఇది ఆడవాళ్ళకే వర్తిస్తుందని స్పష్టంగా చెప్పాడు. మగవాడు ఎంత నోరు పారేసుకున్నా కామన్ స్కోల్డ్ కాలేడు. మనకు గయ్యాళి అనగానే సూర్యకాంతం కళ్ళముందుకొస్తుంది. గయ్యాళి మగవాడు అని ఎవరం అనం. కాకపోతే మన మాట న్యాయస్థానం మెట్లెక్కలేదు. అక్కడ ఎక్కింది, కొయ్య కుర్చీలో కట్టి చెరువులో ముంచేదాకా వెళ్ళింది. హెరెఫర్డ్‌షైర్‌లోని లెమ్‌స్టర్ చర్చిలో అలాంటి కుర్చీ ఇప్పటికీ ఉంది. 1809లో జెన్నీ పైప్స్ అనే ఆమెను దాని మీద ముంచారు. 1817లో సారా లీక్‌ను కూడా అదే కుర్చీలో ఊరంతా తిప్పారు, నీళ్ళు చాలక ముంచకుండా వదిలేశారు. ఈ నేరాన్ని ఇంగ్లండ్ చట్టం నుంచి తీసేసింది 1967లో. మనుషులు చంద్రుడి మీద కాలు పెట్టడానికి రెండేళ్ళ ముందు.

చర్చి న్యాయస్థానాల్లో పరువునష్టం కేసులు విచారించేటప్పుడు గుమాస్తాలు లాటిన్‌లో రాసుకుంటూ వెళ్ళి, తిట్టు దగ్గరికి రాగానే ఇంగ్లీషులోకి దిగేవారు. ఏ మాట అన్నదీ తేలాలి గనక ఆ మాటను అన్నది అన్నట్టు రాయక తప్పేది కాదు. 17వ శతాబ్దపు లండన్‌లో అలాంటి దావాలు వేసినవాళ్ళలో స్త్రీలే ఎక్కువ. తమ శీలం మీద పడిన మాటను కడుక్కోవడానికి వచ్చినవాళ్ళు. పేరు తప్ప ఇంకేమీ మిగలని పేద ఇంటి ఆడవాళ్ళ గొంతు నాలుగువందల ఏళ్ళ తర్వాత మనకు అందుతున్నది ఆ కాగితాల వల్ల.

1727లో ఎక్సెటర్ వారపత్రిక ఒకటి ‘ఎక్స్‌మోర్ స్కోల్డింగ్’ అనే సంభాషణను వేయడం మొదలుపెట్టింది. థామసిన్, విల్మట్ అనే అక్కచెల్లెళ్ళు నూలు వడుకుతూ డెవన్ యాసలో ఒకరినొకరు దులిపేసుకోవడమే అందులో కథంతా. పట్నం పాఠకులను నవ్వించడానికి రాసినదే. కానీ రాసినవాడి చెవి గొప్పది. మళ్ళీ మళ్ళీ అచ్చయింది, అర్థాల పట్టిక చేరింది. 1879లో ఇంగ్లీష్ డయలెక్ట్ సొసైటీ పండిత ముద్రణ తెచ్చింది. రైట్ నిఘంటువులో డెవన్ మాటల కింద ఆ అక్కచెల్లెళ్ళే సాక్షులు.

ఈ రైట్ ఎవరో చెప్పకుండా ముగించలేను. 1855లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పుట్టాడు. ఆరేళ్ళకు రాళ్ళ క్వారీలో గాడిదబండి తోలాడు, ఏడేళ్ళకు సాల్టైర్ మిల్లులో నిండిన కండెలు తీసే పనికి కుదిరాడు. పదిహేనేళ్ళ దాకా చదవడం రాదు. రాత్రిబడిలో ఫ్రెంచీ జర్మనూ నేర్చి, కూడబెట్టిన డబ్బుతో హైడెల్‌బర్గ్ వెళ్ళి, డాక్టరేట్ తెచ్చుకుని, చివరికి ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడయ్యాడు. తన సొంత ఊరి విండ్‌హిల్ మాండలికానికి 1892లో వ్యాకరణం రాశాడు. మిల్లు మగ్గాల రొదలో మనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకున్న భాష అతనికి ఎవరో పంపిన పట్టికల్లోంచి రాలేదు, చిన్నతనాన చెవిన పడినది. అందుకే ఫ్రాచ్‌కూ త్రీప్‌కూ అతని పుస్తకంలో అంత మర్యాద. భార్య ఎలిజబెత్ మేరీ రైట్ 1913లో రాసిన పుస్తకంలో ఆ నిఘంటువులోని మాటలు లెక్కగట్టింది. మనిషిని చావగొట్టడానికి సుమారు 1,350, మూర్ఖుడనడానికి 1,300, శుభ్రత లేని ఆడదాన్ని అనడానికి 1,050. ఈ మూడో లెక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇప్పుడా ఆరు సంపుటాలనూ ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం కంప్యూటర్‌లో వెతుక్కునేలా చేసింది. మనకు భద్రిరాజు కృష్ణమూర్తి మొదలుపెట్టిన మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయం మాటలతో వచ్చింది, తర్వాత చేనేత మాటలు చేరాయి. జగడం మాటలకు కూడా ఒక సంపుటం రావాలని నా కోరిక. వీధి కుళాయిల దగ్గర, కల్లాల్లో, సంతల్లో వాటిని విన్న తరం ఇంకా మన మధ్య ఉంది. ప్రతి మాట పక్కన జిల్లా పేరుతో పాటు దాన్ని ఎవరు ఎవరిని అనేవారో, మగవాణ్ణి అంటే ఒప్పేదో లేదో కూడా రాయాలి.